చారచక్షువు

పద్యం గొప్పదా, వచనం గొప్పదా అన్న తగాదాకు మా తెలుగు శాఖలో ఇంతవరకూ తీర్పు రాలేదు. వస్తుందన్న ఆశ కూడా నాకు లేదు. అయితే పాత కొత్తల జగడం మా ఒక్కరి సొత్తే కాదు. అమెరికాలో హాట్ రాడ్ కార్ల వాళ్ల మధ్య అచ్చంగా ఇలాంటిదే ఒకటి ఏళ్ల తరబడి నడుస్తోంది. ఇంజనుకు పెట్రోలు అందించవలసింది కార్బురేటరా, లేక కంప్యూటరు నడిపించే ఇంజెక్షనా? రెండు పక్షాల వాళ్లూ పట్టుదల మనుషులే. వీళ్ల దృష్టిలో అది మ్యూజియం సామాను. వాళ్ల దృష్టిలో ఇది పిల్లల ఆటబొమ్మ.

తెలుగు పంతులుకి ఇంజన్లతో పనేమిటని మీరు అడగవచ్చు. ఈ తగాదాను కాస్త గోకి చూస్తే లోపల మన తార్కికుల పాత ప్రశ్నే వుంది. మనిషి దేన్ని నమ్మాలి? తాను కళ్లారా చూసి, చెవులారా విన్నదాన్నా? లేక నమ్మకమైన వాడు చెప్పినదాన్నా? మొదటిది ప్రత్యక్ష ప్రమాణం, రెండోది శబ్ద ప్రమాణం. కార్బురేటరుకు జబ్బు చేస్తే మొదటి దారిన పోవాలి. ఇంజెక్షనుకు జబ్బు చేస్తే రెండో దారిన పోవాలి. ఈ సంగతి తెలియకపోతే జేబులో డబ్బు మాత్రం ఏ దారినైనా పోతుంది.

ముందు హాట్ రాడ్ అంటే ఏమిటో చెబుతాను. పాత కారు ఒకటి కొని, దానికి అక్కరలేని బరువంతా ఊడబీకి, పెద్ద ఇంజను తగిలించి, వేగం కోసం సొంత చేతులతో తిరిగి కట్టుకున్న బండి అది. మూలం ఫ్యాక్టరీది, ప్రబంధం మాత్రం యజమానిది. దక్షిణ కాలిఫోర్నియాలో మ్యూరాక్, ఎల్ మిరాజ్ అనే ఎండిపోయిన సరస్సులున్నాయి. బల్లపరుపుగా మైళ్లకొద్దీ నేల. 1930ల నాటి కుర్రవాళ్లు తమ బండ్లను అక్కడికి తోలుకుపోయి పందేలు పెట్టుకునేవారు. ఆ పందేలకు కాలం లెక్కగట్టడానికి 1937లో ఒక సంఘం కూడా వెలిసింది. 1949లో యూటా రాష్ట్రంలోని బానవిల్ ఉప్పు మైదానంలో మొదటి వేగవారం జరిగింది. 1932లో ఫోర్డు కంపెనీ ఎనిమిది సిలిండర్ల ఇంజనును సామాన్యుడికి అందే ధరలో అమ్మకానికి పెట్టడంతో ఆ ఏటి ఫోర్డు కారే వీళ్లకు ఇలవేల్పయింది. 1955లో షెవ్రొలే కంపెనీ తేలికపాటి ఎనిమిది సిలిండర్ల ఇంజను తెచ్చింది. అటుపైన ఫోర్డు ఒంట్లో షెవ్రొలే గుండె పెట్టడం ఈ విద్యలో మామూలైపోయింది. కులాంతర వివాహాలన్నిటిలోకీ తగాదా లేకుండా నడిచింది ఇదేనేమో!

ఇక కార్బురేటరు సంగతి. దాని పక్కన చిన్న గిన్నె వుంటుంది. అందులో పెట్రోలు, పెట్రోలు మీద తేలే ఒక బుడ్డి. మట్టం పెరిగితే బుడ్డి పైకి లేచి సూదిలాంటి కవాటాన్ని మూస్తుంది, తగ్గితే తెరుస్తుంది. ఇంజను గాలిని లోపలికి లాగుతున్నప్పుడు ఆ గాలి ఒక సన్నని గొంతులోంచి పోవాలి. గొంతు సన్నగా వున్నచోట గాలి జోరు పెరిగి ఒత్తిడి తగ్గుతుంది. అప్పుడు గిన్నెలోని పెట్రోలు జెట్టు అనే సన్నని రంధ్రంలోంచి తనంతట తానే పొగమంచులా ఎగజిమ్ముతుంది. కరెంటు లేదు, లెక్కలు లేవు. గాలి పిలుస్తుంది, పెట్రోలు పలుకుతుంది. తూకంలో సుమారు 14.7 పాళ్లు గాలికి ఒక పాలు పెట్రోలు కలిస్తే రెండూ మిగలకుండా మండిపోతాయి.

ఈ యంత్రంలో వున్న సుగుణమేమంటే, దాని జబ్బు బయటికి కనిపిస్తుంది. సూది కవాటం కింద నలుసు పడితే గిన్నె పొంగి పెట్రోలు కారుతుంది. కంటికి కనబడుతుంది, ముక్కుకు తెలుస్తుంది. పెడలు తొక్కగానే బండి ఒక్క క్షణం గుటకలు మింగిందంటే, ఇంజను ఆపి, పైమూత తీసి, చేత్తో త్రాటిలు లాగి లోపలికి చూడాలి. రెండు సన్నని ధారలు చివ్వున చిమ్మితే పంపు మంచిదే. చిమ్మకపోతే దొంగ దొరికినట్టే. ఖాళీగా తిరిగేటప్పుడు ఇంజను వణుకుతూ ఎక్కడో బుస వినబడితే, కార్బురేటరు కిందనో పక్క గొట్టంలోనో దొంగగాలి దూరుతోందన్నమాట. ఎండలో తిరిగొచ్చి ఆపిన పది నిమిషాలకు మళ్లీ స్టార్టు కానని మొరాయిస్తే, గిన్నెలో పెట్రోలు వేడికి మరిగి లోపలికి కారిందని అర్థం. స్పార్కు ప్లగ్గు విప్పితే అదొక పంచాంగం. గోధుమరంగులో వుంటే సుభిక్షం; పొడి మసి పట్టి నల్లగా వుంటే పెట్రోలు ఎక్కువైంది; జిడ్డుగా నల్లగా వుంటే లోపల నూనె మండుతోంది. అయితే వీటన్నిటికన్నా ముందు ప్లగ్గులూ, తీగలూ, నిప్పురవ్వ పడే వేళా సరిగ్గా వున్నాయో లేదో చూసుకోవాలి. నిప్పు చేసిన నేరాన్ని నీటి మీద మోపినట్టు, ఇగ్నిషను చేసిన తప్పుకు పాపం కార్బురేటరు ఎన్నిసార్లు శిక్ష అనుభవించిందో లెక్కలేదు.

ఇంజెక్షను మొన్న పుట్టిందని చాలామంది అనుకుంటారు కాని, దానికీ వయసు బాగానే వుంది. 1948లో స్టూవర్టు హిల్‌బోర్న్ అనే హాట్ రాడ్ మనిషి, తాను సొంతంగా తయారుచేసిన ఇంజెక్షను పెట్టిన బండితో ఎండు సరస్సు మీద గంటకు 150 మైళ్ల హద్దు దాటించాడు. అందులో కరెంటు లేదు. అంతా పంపులూ గొట్టాలే. 1957లో షెవ్రొలే కూడా అలాంటి యాంత్రికపు ఇంజెక్షనును అమ్మకానికి పెట్టింది. కరెంటుతో నడిచే దాన్ని బెండిక్స్ కంపెనీ తయారుచేయగా 1958లో క్రైస్లర్ కంపెనీ కొద్ది కార్లకు అమర్చింది. ఆ రోజుల ఎలక్ట్రానిక్ సామాను తట్టుకోలేక చాలా కార్లకు మళ్లీ కార్బురేటర్లే బిగించవలసి వచ్చింది. ఆ విద్యను జర్మనీలో బాష్ కంపెనీ అందుకుని, 1967లో ఫోక్స్‌వాగన్ కారులో నిలబెట్టింది. 1990ల మొదటికల్లా అమెరికా కొత్త కార్లలో కార్బురేటరు దాదాపు కనుమరుగైంది.

హాట్ రాడ్ వాళ్ల కోసం ఇప్పుడు వేరే సరంజామా దొరుకుతోంది. చూడటానికి కార్బురేటరులాగే వుంటుంది, దాని స్థానంలోనే కూర్చుంటుంది, లోపల మాత్రం ఇంజెక్టర్లూ కంప్యూటరూ. దీని పని తీరు తెలియాలంటే మన రాజనీతి చదవాలి. రాజు కోట దాటి పోడు. వేగులు తెచ్చిన వార్తలే అతనికి కళ్లు. అందుకే రాజును చారచక్షువు అన్నారు. ఈ కంప్యూటరూ అంతే. అది ఇంజనును ఎన్నడూ చూడలేదు. నీళ్ల వేడి చెప్పే వేగు ఒకడు, గాలి ఒత్తిడి చెప్పేవాడొకడు, త్రాటిలు ఎంత తెరుచుకుందో చెప్పేవాడొకడు. పొగగొట్టంలో కూర్చుని, పోతున్న పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో చెప్పేవాడు ఇంకొకడు. వాళ్లను సెన్సార్లంటారు. వాళ్ల మాట విని రాజు పెట్రోలు కొలుస్తాడు. అందుచేత తీర్పు తప్పయితే రాజును మార్చడం కాదు, సాక్షులను విచారించాలి.

విచారణకు ఒక వరస వుంది. మొదట బ్యాటరీ, ఎర్తు తీగ. కరెంటు నీరసపడితే రాజుకు మతిభ్రమణం. ఎర్తు తీగను రంగు మీద బిగిస్తే కరెంటు పారదు. గీకి, మెరిసే ఇనుము మీద బిగించాలి. రెండోది పెట్రోలు ఒత్తిడి. కార్బురేటరుకు చదరపు అంగుళానికి 5, 6 పౌన్లుంటే చాలు. దీనికి 40 నుంచి 60 దాకా కావాలి. మీటరు పెట్టి చూడాలి గాని పంపు మోగుతోంది గదా అని సరిపెట్టుకోకూడదు. మూడోది, స్పార్కు తీగలకు ఆనుకుని సెన్సారు తీగలు పోకూడదు. ఆ హోరులో వేగుల మాట చెడిపోతుంది. నాలుగోది, ఇంజను తిప్పకముందే తెర మీద అంకెలన్నీ చదవాలి. నీళ్ల వేడి చెప్పే సెన్సారు తీగ ఊడిపోతే చాలా పెట్టెల్లో మైనస్ 40 డిగ్రీలని కనబడుతుంది. ఫారెన్‌హీటులో అయినా సెంటిగ్రేడులో అయినా ఆ చలి ఒకటే! నడివేసవిలో రాజు ఆ కబురు నమ్మి, మంచుకొండ మీద వున్నాననుకుని ఇంజనును పెట్రోలులో ముంచెత్తుతాడు.

పాత టాంకుతో ఇంకో చిక్కుంది. అందులో అడ్డుగోడలుండవు. పెట్రోలు పావువంతుకు దిగి, బండి మలుపు తిరిగిందంటే పెట్రోలంతా ఒక పక్కకు ఒరిగి పంపు గాలి పీలుస్తుంది. కార్బురేటరు వున్నన్నాళ్లూ ఈ లోపం ఎవరికీ తెలియలేదు, గిన్నెలో నిలవ వుంది గనక. కార్బురేటరు, కుళాయి ఆగుతుందని ముందే బిందెలు నింపిపెట్టుకున్న ఇల్లాలు. ఇంజెక్షను, కుళాయి కింద దోసిలి పట్టి తాగే బాటసారి. ధార ఒక్క క్షణం తెగితే దగ్గు వస్తుంది. యంత్రం మార్చినవాడు టాంకు కూడా మార్చుకోవాలి.

ఇంతవరకూ చెప్పినది ఎవరైనా చెప్పేదే. దీని అసలు రుచి నాకు తెలిసింది శాక్రమెంటో పరిసరాల్లో, మా బావమరిది ఇంట్లో వేసవి సెలవులు గడిపినప్పుడు. అతను కంప్యూటరు ఉద్యోగి. స్పానరు పట్టి ఎరగడు. పక్కింటాయన డెబ్బయి దాటిన అమెరికను. 1932 ఫోర్డులో షెవ్రొలే ఇంజను పెట్టుకుని నలభై ఏళ్లుగా నడుపుతున్నారు. ఆయన కార్బురేటరు సవరిస్తుంటే వీణ శ్రుతి చేస్తున్నట్టుండేదట. స్క్రూ పావు చుట్టు తిప్పడం, చెవి వొగ్గడం, మళ్లీ కొంచెం వెనక్కి. ఏ మీటరూ వుండేది కాదు. అయితే నాలుగైదేళ్లుగా ఆయనకు వినికిడి తగ్గింది. మాటలు పరికరం పెట్టుకుంటే వినబడతాయి గాని, సన్నని శబ్దాలు ఆయన లోకంలోంచి వెళ్లిపోయాయి. శ్రుతి పోయిన గాయకుడి బాధ మనకు తెలుసు. ఆ బాధే ఆయనది. ఇంజెక్షను బొమ్మ అని వేళాకోళం చేసిన మనిషి, చెవికి బదులు అంకెలైనా చదువుకోవచ్చునని చివరికి తానే అది తెప్పించి పెట్టించుకున్నారు. తెర మీద అంకెలు అర్థం చెప్పే పని మా బావమరిది పుచ్చుకున్నాడు.

నేను వెళ్లేసరికి ఆ బండికి జబ్బు చేసివుంది. పొద్దున్నే స్టార్టు చేస్తే పువ్వులా నడుస్తుంది. కాసేపటికి వేడెక్కగానే నల్లపొగ, పెట్రోలు వాసన; సిగ్నలు దగ్గర ఆగితే ఇంజను ఆగిపోతుంది. ఒక మధ్యాహ్నం నాలుగు రోడ్ల కూడలి నడుమ అలాగే ఆగింది. వెనక వస్తున్న లారీవాడు సమయానికి బ్రేకు తొక్కాడు గనక సరిపోయింది. పెద్దాయన కూతురు ఇక ఆ బండి ఎక్కడానికి వీల్లేదంది. ఒక వర్క్‌షాపు వాళ్లు చూసి, కంప్యూటరు చెడిపోయింది, మొత్తం మార్చాలి, వెయ్యి డాలర్లు దాటుతుంది అన్నారు. ఆయన, మార్చనూ మార్చను, కార్బురేటరు మళ్లీ పెట్టనూ పెట్టను, దాన్ని వినే చెవులు నాకు లేవు, అమ్మేస్తాను అని కూర్చున్నారు.

మా బావమరిది తెర తెచ్చి నాకు చూపించాడు. “బావగారూ, పెట్రోలు చాలడం లేదని సెన్సారు చెబుతోంది. 17 పాళ్లు గాలి అంటోంది. అందుకే కంప్యూటరు నూటికి 25 వంతులు అదనంగా పోస్తోంది. అయినా చాలదట!” అన్నాడు. పెద్దాయన మాట్లాడకుండా ఒక ప్లగ్గు విప్పి నా అరచేతిలో పెట్టారు. కాటుకలా పొడి మసి. అంటే పెట్రోలు చాలక కాదు, తెగ ఎక్కువై ఇంజను ఉక్కిరిబిక్కిరవుతోంది.

సాక్షి చాలదంటున్నాడు. ప్లగ్గు ఎక్కువంటోంది. ఇద్దరూ నిజం కావడానికి వీలుందా? వుంది. పొగగొట్టంలో సెన్సారుకు ముందు ఎక్కడో సందు వుంటే చాలు. పొగ ధారగా పోదు, గుప్పుగుప్పున పోతుంది. ఒక గుప్పుకూ ఇంకో గుప్పుకూ నడుమ గొట్టంలో ఒత్తిడి తగ్గి ఆ సందులోంచి బయటిగాలి లోపలికి దూరుతుంది. సెన్సారుకు ఆక్సిజన్ కనబడుతుంది. పెట్రోలు చాలక మిగిలిన ఆక్సిజన్ అనుకుని కబురు పంపుతుంది. రాజు ఇంకా పోస్తాడు. వేగు అబద్ధమాడలేదు. తాను చూసిందే చెప్పాడు. నిలబడిన చోటు మాత్రం మంచిది కాదు. పొద్దున్న బాగా నడవడానికి కారణమూ ఇందులోనే వుంది. ఇంజను వేడెక్కేదాకా కంప్యూటరు ఆ వేగును కొలువులోకి రానివ్వదు. తన పట్టికలో వున్నట్టు పోస్తుంది. వేడెక్కాకే వాడి మాట వినడం మొదలుపెడుతుంది.

“చల్లగా వున్నప్పుడు టిక్కుటిక్కుమని ఏమైనా వినబడేదా?” అని పెద్దాయన అడిగారు. మా బావమరిది తెల్లబోయి, “మొదటినుంచీ వినబడుతూనే వుంది. ఇంజనుకు అది సహజమేమో అనుకున్నాను” అన్నాడు. ఆయన కళ్లు మూసుకుని కాసేపు వూరుకున్నారు. పొగ కారే ఆ చప్పుడు పదేళ్ల కిందటైతే వీధి చివరినుంచే పట్టుకునేవారు. విన్నవాడికి తెలియలేదు, తెలిసినవాడికి వినబడలేదు!

తరవాత జరిగింది చిన్నపని. ఇల్లు వూడ్చే వాక్యూం మిషనును గాలి వూదేటట్టు తిప్పి పొగగొట్టం చివర పెట్టారు. సబ్బునీళ్లు కలిపి అతుకుల మీద చల్లారు. ఎడమవైపు మూడో సిలిండరు దగ్గర అతుకులోంచి బుడగలు బుసబుసా పొంగాయి. ఆయన చెవికి అందని చప్పుడు ఆయన కంటికి కనబడింది. ఆ క్షణాన ఆయన ముఖం నేను మరిచిపోలేను. కొద్ది డాలర్ల గాస్కెట్టు మార్చి, బోల్టులు వరసగా బిగించారు. ఒక్క పని మిగిలింది. కంప్యూటరు ఇన్నాళ్లూ ఆ తప్పుడు కబురు విని పట్టిక దిద్దుకుంది గదా, ఆ పాఠం చెరిపేసి మళ్లీ మొదటినుంచి నేర్పాలి. అది మా బావమరిది చేశాడు. మధ్యాహ్నం 38 డిగ్రీల ఎండలో, అదే కూడలిలో, ఎర్రదీపం ముందు ఆ బండి నిలబడి నిశ్చింతగా తిరిగింది. నేను వెనక సీటులో కూర్చున్నాననుకునేరు. ఆ బండికి వెనక సీటు లేదు. ఫుట్‌పాత్ మీద నిలబడి చూశాను.

అమెరికా ముచ్చట మనకెందుకని అనకండి. 2020 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో బి.ఎస్.-6 నిబంధనలు అమలులోకి వచ్చాక, కొత్త మోటారుసైకిళ్లలోనూ స్కూటర్లలోనూ చాలామటుకు ఇంజెక్షనే వస్తోంది. విజయవాడ ఆటోనగరులో గాని, మీ వూరి బస్టాండు పక్కన చెట్టుకింద గాని, స్క్రూడ్రైవరు కొస ఇంజనుకు ఆనించి, పిడి చెవికి ఆనించుకుని జబ్బు చెప్పే మేస్త్రీలున్నారు. వాళ్ల చేతికి ఇప్పుడు స్కానరు వస్తోంది. స్కానరు చూపిన పేరుగల సామానల్లా మార్చేస్తూ పోయే కుర్రవాళ్లూ తయారవుతున్నారు. ఆక్సిజన్ సెన్సారు అని తెర మీద కనబడితే సెన్సారే చెడిందని అర్థం కాదు. ఆ సెన్సారు ఏదో చెబుతోంది, వచ్చి విను అని మాత్రమే అర్థం. ఆ తేడా తెలిసిన మేస్త్రీకి చెవీ వృథా కాదు, స్కానరూ వృథా కాదు.

కార్బురేటరా, ఇంజెక్షనా అని నన్నడిగితే, మీ ఒంట్లో ఏ ఇంద్రియం బాగా పనిచేస్తోందో చూసుకుని ఎన్నుకోమంటాను. ఏది ఎన్నుకున్నా, ఒక సాక్షి మాట మీద సామాను మార్చకండి. రెండో సాక్షిని పిలవండి. ఇద్దరూ ఒకటే చెబితే సంతోషం. చెరొకటి చెబితే మరీ సంతోషం. నిజం సాధారణంగా వాళ్లిద్దరి నడుమ వున్న సందులోనే బుసకొడుతూ వుంటుంది.